పిల్లల ఫాంటసీ నవలలకు ఆయుష్షు ఎంత?

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఎగబడి చదివే ఫాంటసీ నవలలు మోజున్నన్నాళ్లే ఉంటాయని, అవి క్లాసిక్స్ కాలేవని మీ పత్రికలో వచ్చిన వ్యాసానికి ఈ జవాబు. బాగా అమ్ముడుపోవడాన్ని వ్యాసకర్త ఒక లోపంగా లెక్కేశారు. అభిమానులేమో దాన్నే యోగ్యతాపత్రంలా చూపిస్తున్నారు. నిజానికి మొదటి పదేళ్ల అమ్మకాలను బట్టి ఒక పుస్తకం ఆయుష్షు అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం.

ఈ తగాదా కొత్తదేం కాదు. 2000 జులైలో హ్యారీ పాటర్ నాలుగో పుస్తకం బయటికొచ్చిన రోజుల్లోనే విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ మూడున్నర కోట్లమంది కొన్నవాళ్లంతా పొరబడ్డారని వాల్ స్ట్రీట్ జర్నల్‌లో రాశారు. పెద్దల పుస్తకాల పట్టికలో పైమెట్లన్నీ ఆ సీరీసే ఆక్రమించి కూర్చోవడంతో న్యూయార్క్ టైమ్స్ అదే నెలలో పిల్లల పుస్తకాలకు వేరే బెస్ట్ సెల్లర్ పట్టిక పెట్టింది. అంతకు చాలా ముందు, 1957లో, అమెరికాలోని డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీ అధిపతి, ఓజ్ అనే మాయాదేశం కథలు చెప్పే 'ఓజ్' పుస్తకాలకు విలువే లేదని తేల్చేశారు. వాటిలో మొదటిది 1900లో వచ్చింది, ఇవాళ్టికీ అచ్చులో ఉంది.

అయితే ఇక్కడ అభిమానులు గమనించాల్సిన సంగతి కూడా ఒకటుంది. ఓజ్ వరసలో ఫ్రాంక్ బామ్ రాసినవి 14. ఆయన పోయాక రూత్ ప్లమ్లీ థామ్సన్ మరో 19 రాశారు. ఇన్నింటిలో మామూలు పాఠకులకు తెలిసింది మొదటిది ఒక్కటే. సీరీస్ సీరీసంతా క్లాసిక్ కావడం చాలా అరుదు, అందులో ఒకటో రెండో గట్టెక్కుతాయి. కాబట్టి ఏ సీరీస్ గురించి వాదించినా, ఏ పుస్తకం గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

ఎందుకు గట్టెక్కుతాయి, ఎందుకు మునుగుతాయి? మాక్మిలన్ సంస్థ రెండేళ్ల తేడాతో వేసిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. చార్లెస్ కింగ్‌స్లీ రాసిన 'ది వాటర్ బేబీస్' 1863లో వచ్చింది, లూయిస్ కారల్ 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' 1865లో. రెండూ పిల్లల ఫాంటసీలే, రెండింటినీ ఆ కాలంలో బాగా చదివారు, రెండింటి నిండా అప్పటి సంగతుల మీద వెటకారమే. కింగ్‌స్లీ కథ ఆపి మరీ పరిణామవాదం మీద శాస్త్రవేత్తలు పడిన కొట్లాటను ఎగతాళి చేస్తాడు. మెదడులో ఫలానా భాగం మనిషికే ఉందా, కోతులకూ ఉందా అని ఆ రోజుల్లో జరిగిన వాదన తెలిస్తే తప్ప ఆ పేజీల్లో నవ్వు పుట్టదు. దానికి తోడు ఐరిష్ వాళ్ల మీద, అమెరికన్ల మీద ఎత్తిపొడుపులు. తర్వాతి కాలంలో పిల్లల కోసం వేసేటప్పుడు వాటిని కత్తిరించారు. కత్తిరించాక పుస్తకం పలచబడిపోయింది.

కారల్ చేసిందీ దాదాపు అదే పని. అప్పటి పిల్లలు బడిలో కంఠతా పట్టే నీతిపద్యాలకు పేరడీలు కట్టాడు. ఐజాక్ వాట్స్ పద్యంలో ఒళ్లు దాచుకోకుండా పనిచేసే తేనెటీగ ఉంటుంది. కారల్ దాన్ని తీసేసి, తోకకు మెరుగు పెట్టుకుంటూ, చిరునవ్వుతో చిన్న చేపల్ని నోట్లోకి ఆహ్వానించే మొసలిని పెట్టాడు. వాట్స్ పద్యం ఇవాళ ఎంతమందికి తెలుసు? మొసలిని మాత్రం పిల్లలు ఇప్పటికీ చదువుతున్నారు. తేనెటీగ సంగతి తెలియకపోయినా ఆ నవ్వులోని కపటం వాళ్లకు అందుతుంది. ఇప్పటి నవలల్లో కనిపించే ఫోన్ యాప్‌ల పేర్లకు, ఆ ఏటి ఊతపదాలకు, సెలబ్రిటీల మీద జోకులకు కూడా ఇదే లెక్క. కాబట్టి మొదటి కొలత ఇది: వాటిని కొట్టేసి చదవండి. పేజీ నిలబడితే పుస్తకానికి కొంత ఆశ ఉంది.

రెండో కొలత మాయకు చెల్లించే మూల్యం. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో మంత్రం పనిచేయాలంటే వస్తువు అసలు పేరు తెలియాలి. ఒకచోట వాన కురిపిస్తే ఇంకోచోట కరువు రావచ్చు. గురువుల మాట వినకుండా గొప్పకు పోయిన కుర్రవాడికి ముఖం మీద మచ్చలు మిగులుతాయి, వెంటాడే నీడ ఒకటి తగులుకుంటుంది. రెండు వందల పేజీలకు అటూఇటూగా ఉండే పుస్తకంలో ఇదంతా ఇమిడిపోయింది. చిక్కు వచ్చినప్పుడల్లా రచయిత ఒక కొత్త శక్తిని తెచ్చి గట్టెక్కించే నవల మొదటిసారి హుషారుగానే సాగుతుంది. రెండోసారి తీస్తే ఏ ప్రమాదానికీ భయం వేయదు. మళ్లీమళ్లీ చదివించుకోలేని పుస్తకం రెండో తరానికి చేరదు.

ఆదరణ పుస్తకాన్ని చెడగొట్టే మాట నిజమే, కానీ అది జరిగేది సంపాదకుడి బల్ల మీద. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో బ్లూమ్స్‌బరీ ప్రచురణలో 223 పేజీలు, గట్టి అట్టతో వేసినవి 500 ప్రతులు. అయిదోది, 2003లో వచ్చింది, 766 పేజీలు. విడుదల తేదీ ముందే ప్రకటించి, లక్షల ఆర్డర్లు చేతిలో పెట్టుకుని, ఈ అధ్యాయం తీసేద్దామని రచయితకు చెప్పే ధైర్యం ఏ సంస్థలోనైనా ఎంతమందికి ఉంటుంది? పాతకాలంలో తీరిక ఉండేది. ఆలిస్ మొదటి ముద్రణ 2,000 ప్రతుల్లో బొమ్మలు సరిగా పడలేదని చిత్రకారుడు టెనియల్ అంటే ఆ ముద్రణనే వెనక్కి తీసుకున్నారు. 1937లో వచ్చిన 'ది హాబిట్'లో గొల్లమ్ అనే వింతజీవి కనిపించే అధ్యాయాన్ని 1951 ముద్రణకు టోల్కీన్ తిరగరాశారు. ఇవాళ అందరికీ తెలిసిన గొల్లమ్ ఆ రెండో రూపమే.

కాపీరైట్ సంగతి విమర్శకులు ఎత్తనే ఎత్తరు. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం ఆలిస్ హక్కు 42 ఏళ్లకు, అంటే 1907లో, తీరిపోయింది. ఆ ఏడే ఆర్థర్ రాకమ్ బొమ్మలతో కొత్త ఆలిస్ వచ్చింది, ఆ తర్వాత ఎందరో వేశారు. చిత్రకారులు, చౌక ముద్రణలు, అనువాదాలు కలిసి దానికి రెండో జీవితం ఇచ్చాయి. ఇప్పుడు చాలా దేశాల్లో రచయిత పోయాక 70 ఏళ్లు హక్కు ఉంటుంది. ఇవాళ్టి నవల అన్నేళ్లూ హక్కుదారు దయమీదే బతకాలి.

ఇక గ్రంథాలయాల సంగతి. మోజులో ఉన్నప్పుడు ఇరవై ప్రతులు కొంటారు, మూడేళ్లకు అడిగేవాళ్లు తగ్గగానే అన్నీ కలిపి తీసేస్తారు. తీసేయకపోయినా అవి మిగలవు. పేజీల వెన్ను గరుకు చేసి వేడి జిగురు పట్టించే బైండింగ్‌లో ఏడెనిమిది వందల పేజీల పుస్తకం పూర్తిగా తెరిచి పెడితే వెన్ను మధ్యలో విరుగుతుంది. జిగురు పాతబడేకొద్దీ పెళుసెక్కి ముందు కొన్ని పేజీలు, తర్వాత గుత్తులు గుత్తులుగా ఊడతాయి. ఆ ఇరవైలో రెండు మాత్రం కాగితాలను ఫారాలుగా, అంటే చిన్న కట్టలుగా, మడిచి దారంతో కుట్టిన గట్టి అట్ట ప్రతులు కొనాలి. సినిమా తారల ముఖాలున్న అట్ట వద్దు, పదేళ్లకే అది పాత పోస్టరైపోతుంది. ఆ రెండింటినీ పదిహేనేళ్లు అలమరలో ఉంచి, సినిమా హడావిడి ఎరగని పిల్లలు ఎంతమంది తీసుకెళ్లారో చూడాలి. చిరిగితే మళ్లీ కొనాల్సి వచ్చిందా అన్నది ఏ అవార్డు కన్నా నమ్మదగిన సాక్ష్యం.

అంతకాలం ఆగలేని సమీక్షకులు పుస్తకాన్ని పైకి చదివి చూడవచ్చు. మొదటి అధ్యాయం వదిలేయండి, దాన్ని అందరూ కలిసి నగిషీ పెట్టి ఉంటారు. పుస్తకం మూడింట రెండు వంతులు దాటాక ఒక అధ్యాయం తీసి ఇరవై నిమిషాలు చదవండి. "అన్నాడు", "అంది" లేకపోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలియని సంభాషణలు, ఆ లోకపు చరిత్రను పాత్ర నోట పేజీలకొద్దీ చెప్పించే ఉపన్యాసాలు, ఊపిరి ఆడని వాక్యాలు మనసులో చదివేటప్పుడు దాక్కుంటాయి. గొంతుకు వెంటనే అడ్డం పడతాయి. వినే పిల్లలు కదలడం మొదలుపెట్టిన చోట పెన్సిల్ గీత పెట్టుకుంటే సమీక్షకు సగం సరుకు దొరికినట్టే.

మీ పత్రికలో ఈ వారం కొత్త పుస్తకాలకు చోటు ఎటూ ఉంది. నెలకోసారి, వచ్చి ఇరవై ఏళ్లు దాటిన పిల్లల ఫాంటసీ ఒకటి తీసుకుని, పన్నెండేళ్ల పాఠకులతోనూ వాళ్ల అమ్మానాన్నల వయసువాళ్లతోనూ విడివిడిగా చదివించి, ఇద్దరి అభిప్రాయాలూ పక్కపక్కన వేయండి. వ్యాసకర్తను కూడా ఆ శీర్షికకు ఆహ్వానించమని మనవి.

ఇట్లు,
ఒక బాలసాహిత్య సంపాదకురాలు