మిగిలిన పన్ను ఎవరి జేబులోకి పోయింది?

మిర్యాలగూడ

బిడ్డా,

కంపెనీలు పన్ను తగ్గించుకుంటే వాటి విలువ పెరుగుతుందా అన్న నీ ప్రాజెక్టు కోసం నువ్వు పంపిన పరిశోధన పేపర్లన్నీ చదివాను. ఇంగ్లీషు కొరుకుడు పడని చోట మన సీఏ గారి ఆఫీసులో కూర్చుని అడిగి తెలుసుకున్నాను. ఫార్ములాలు మాత్రం వదిలేశాను, అవి నువ్వూ మీ సారూ చూసుకోండి.

నీ బాధ అర్థమైంది. కంపెనీ పన్ను తగ్గించుకుంటే ఆ డబ్బు కంపెనీలోనే ఉంటుంది, షేరుదారుల సొమ్ము పెరుగుతుంది, కాబట్టి కంపెనీ విలువ పెరగాలి. ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు నువ్వు అనుకున్నది అదే. తీరా చదివితే ఒకరు పెరిగిందంటారు, ఒకరు తగ్గిందంటారు, ఇంకొకరు తేడా ఏమీ లేదంటారు. "మూడూ ఎట్లా నిజమవుతాయి నాన్నా, వైవా అంటేనే టెన్షన్‌గా ఉంది" అన్నావు. మూడూ నిజమే కావచ్చు బిడ్డా. బియ్యం మిల్లుల లెక్కలు రాసి బతికినవాణ్ని, నాకు అందులో వింతేమీ కనబడలేదు.

నీ మొదటి ఆలోచన తప్పు కాదు. 2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్ను రేటును 22 శాతానికి తగ్గిస్తున్నామని కేంద్రం ప్రకటించింది. సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం. ఆ ఒక్కరోజే సెన్సెక్స్ 1,921 పాయింట్లు పెరిగింది. పన్నులో మిగిలిన రూపాయి షేరుదారుడి రూపాయే అని మార్కెట్టు నమ్మింది. ఎందుకు నమ్మింది? ఎంత మిగులుతుందో, ఏ దారిన మిగులుతుందో, ఎవరికి మిగులుతుందో కాల్క్యులేటరున్న ప్రతివాడూ అప్పటికప్పుడు లెక్క వేసుకోగలిగాడు కాబట్టి.

ఇప్పుడు మన ఊరి సంగతి తీసుకో. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది, బస్తా 25 కిలోల లోపు ఉంటే. కొద్ది రోజుల్లోనే 26 కిలోల బస్తాలు దిగాయి, గుర్తుందా? మీ అమ్మ కిరాణా కొట్టులో "ఈ ఒక్క కిలో ఏంది కొత్తగా" అని అడిగింది కూడా. అది పన్ను తప్పించుకోవడమే. కానీ బస్తా మీద 26 అని పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంది. పన్ను ఆఫీసరు చూశాడు, బ్యాంకు వాళ్లు చూశారు, భాగస్తులు చూశారు. నచ్చకపోతే ప్రభుత్వం చట్టం మార్చుకోవచ్చు. ఈ పనిలో మిల్లు లోపలి మనుషులెవరూ మోసపోలేదు.

జీరో దందా వేరు. బిల్లు లేకుండా సరుకు పోవడం, డబ్బు చేతికి రావడం, పుస్తకంలో ఎక్కకపోవడం. ఒక మిల్లు భాగస్తుల పంచాయితీకి నన్ను లెక్కలు చూడమని పిలిచారు, పేరు రాయను. అందులో ఒక భాగస్తుడు హాలియా వైపు రైతు. సాగర్ ఎడమ కాలువ కింద పొలం అమ్మి పెట్టుబడి పెట్టాడు. మిల్లు నడపడం ఆయనకు రాదు, ఏడాదికొకసారి వచ్చి వాటా తీసుకుపోయేవాడు. నడిపే భాగస్తుడు మొదట్లో ఆయనతో అన్నాడట: "మామా, తవుడు, నూకలు బిల్లు మీద అమ్మితే సగం పన్నుకే పోతయ్. జీరోలో కొడదాం, వచ్చింది అందరం పంచుకుందాం." మామ సరేనన్నాడు. కొన్నాళ్లు పంచారు కూడా. రానురాను పంపకం సన్నబడింది. "తవుడు రేటు పడిపోయింది మామా" ఒకసారి, "లోడు వానకు తడిసింది మామా" ఇంకోసారి.

పంచాయితీలో పుస్తకాలు తెచ్చి ముందు పెట్టారు. కొట్టివేత ఒక్కటి లేదు, ఒక్క పైసా తేడా లేదు. నేను వాటిని పక్కకు జరిపి కరెంటు బిల్లులు తెమ్మన్నాను. మిల్లు తిరిగితే మీటరు తిరగక తప్పదు. క్వింటా వడ్లు ఉడకబెట్టకుండా పచ్చిగా ఆడిస్తే సర్కారు లెక్కలో 67 కిలోల బియ్యం రావాలి, తవుడు, నూకలు, ఊక వేరే. యూనిట్లను బట్టి లెక్కేస్తే పుస్తకంలో రాసిన దానికన్నా చాలా ఎక్కువ వడ్లు ఆడినట్టు తేలింది. ధర్మకాంటా (లారీలు తూచే కాంటా) చీటీలు కొన్ని డ్రైవరు దగ్గర దొరికాయి. తవుడు నూనె ఫ్యాక్టరీకి పోయిన లోడ్లవి, ఒక్కదానికీ బిల్లు లేదు.

అందరికీ అర్థమైంది. అయితే ఆ రైతు ఏ కాగితం చూపించి అడుగుతాడు? ఆయన సంతకం పెట్టిన బ్యాలెన్స్ షీటు ప్రకారం ఆయన వాటా పైసాతో సహా ముట్టింది. మిగతాదానికి లెక్కే లేదు. కోర్టుకు పోతే ముందు ఆయనకే నోటీసు వస్తుంది. పన్ను ఆఫీసరు చూడొద్దని దాచింది ఆయన కూడా చూడలేకపోయాడు. చివరికి మిల్లు అమ్మకానికి పెడితే, జీరోలో ఇంతొస్తుందని నోటితో చెప్పిన మాటకు కొనేవాడు నవ్వి, బ్యాలెన్స్ షీటు లాభాన్ని బట్టే ధర కట్టాడు. మిగిల్చిన పన్ను ఒకడి జేబులోకి పోయింది, మిల్లు విలువ తగ్గిన నష్టం మాత్రం అందరికీ పడింది.

నీ పేపర్లలో మిహిర్ దేశాయ్, ధమ్మిక ధర్మపాల 2009లో అచ్చేసినది చదువుతుంటే నాకు ఈ పంచాయితీయే గుర్తొచ్చింది. అమెరికా కంపెనీల మీద వాళ్లకు తేలిందేంటి? అన్నీ కలిపి చూస్తే పన్ను తగ్గించుకోవడానికీ కంపెనీ విలువకూ చెప్పుకోదగ్గ సంబంధం లేదు. పెద్ద పెద్ద సంస్థలు వాటాలు కొని మేనేజ్‌మెంటు మీద కన్నేసి ఉంచే కంపెనీలను విడదీసి చూస్తే మాత్రం విలువ పెరిగింది. నీ సగటు సున్నా దగ్గర ఆగిందని దిగులు పడకు. రెండు రకాల మిల్లులను ఒకే కుప్పలో పోస్తే అంతే వస్తుంది.

అదే దేశాయ్ ఇంకో ఇద్దరితో కలిసి రష్యా మీద రాసింది నాకు ఇంకా నచ్చింది. 2000లో పుతిన్ వచ్చాక పన్ను వసూళ్లు బిగించారు. పన్ను పెరిగితే షేర్లు పడాలి కదా? కొన్ని కంపెనీల షేర్లు పెరిగాయి. యజమానులు పన్ను పేరు చెప్పి కంపెనీ డబ్బు పక్క కంపెనీల్లోకి మళ్లించుకునే దారి ఇరుకైంది, చిన్న షేరుదారులకు దక్కేది పెరుగుతుందని మార్కెట్టు అనుకుంది. ప్రతి కంపెనీ లాభంలో ప్రభుత్వం కూడా ఒక భాగస్తుడే, మన దగ్గరైతే సుమారు పావు వంతు. అధికారం, ఆఫీసర్లు, చట్టం అన్నీ ఉన్న ఆ భాగస్తుణ్నే ముంచగలిగినవాడు, డీమ్యాట్ ఖాతాలో పది షేర్లున్న నిన్ను ముంచడానికి ఆలోచిస్తాడా?

అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ సంగతి నీకు క్లాసులో చెప్పే ఉంటారు. 1996 నుంచి 1999 దాకా ఆ కంపెనీ అమెరికా ప్రభుత్వానికి ఆదాయపు పన్ను కట్టలేదు, షేరుదారులకు మాత్రం ఏటా లాభాలే చూపించింది. కేమన్ దీవుల్లో వందల అనుబంధ కంపెనీలు పెట్టింది. 2001 డిసెంబరులో దివాలా తీసింది. ఆ పన్ను పథకాలు ఎంత చిక్కుగా ఉండేవంటే, అప్పులు ఎక్కడ దాచారో కూడా అందులోనే కలిసిపోయాయి.

అట్లాగని పన్ను బాగా కట్టే ప్రతి కంపెనీ మంచిదని రాయకు, అది ఇంకో పొరపాటు. మన హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యమే ఉంది కదా. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖతో బయటపడింది: పుస్తకంలో చూపిన నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి వచ్చింది. వాళ్లు ఆదాయం దాచలేదు, లేనిదాన్ని చూపించారు. ఆ లేని ఆదాయం మీద పన్ను ఏంటని, తర్వాత కంపెనీని తీసుకున్నవాళ్లు పన్ను శాఖతో ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడారు. కార్పొరేట్ గవర్నెన్స్‌కు, అంటే కంపెనీని పద్ధతిగా నడిపినందుకు, అంతకు కొద్ది నెలల ముందే అవార్డు కూడా ఇచ్చారు ఆ కంపెనీకి! అవార్డుల కాలమ్ నీ టేబుల్‌లోంచి తీసెయ్, నా మాట విని.

చట్టం లోపలే ఉన్నా పూర్తి నిశ్చింత ఉండదు. వొడాఫోన్ 2007లో మన దేశంలోని హచ్ మొబైల్ వ్యాపారాన్ని కేమన్ దీవుల కంపెనీ షేర్ల ద్వారా కొన్నది. దాని మీద పన్ను కట్టాలని మన పన్ను శాఖ అడిగితే, 2012 జనవరిలో వొడాఫోన్ సుప్రీంకోర్టులో గెలిచింది. అదే ఏడాది ప్రభుత్వం పాత తేదీ నుంచి వర్తించేలా చట్టం మార్చింది, 2021లో మళ్లీ వెనక్కి తీసుకుంది. అన్నేళ్లు ఆ డబ్బు తమదో సర్కారుదో తెలియకపోతే షేరుకు ధర కట్టేదెట్లా? ఇంగ్లండులో స్టార్‌బక్స్ కథ ఇంకో రకం. పన్ను దాదాపు కట్టలేదని 2012లో పత్రికల్లో వచ్చేసరికి జనం కాఫీ షాపుల ముందు ధర్నాలు చేశారు, కంపెనీ తనంతట తానే 2 కోట్ల పౌండ్లు కడతానని ఒప్పుకుంది.

ఇక నువ్వు చేయాల్సిన పని. కంపెనీ ఎంత పన్ను కట్టిందన్న ఒక్క అంకె మీద ఆగకు. వార్షిక నివేదికలో పన్ను నోటు తెరువు. 25.17 శాతం కట్టాల్సినవాడు తక్కువ ఎందుకు కట్టాడో అక్కడ వరుసగా చెప్పాలి. పాత నష్టాలు సర్దుకున్నారా, కొత్త యంత్రాల తరుగుదలా, రాయితీ జోనులో యూనిట్ ఉందా? ఇవన్నీ పేరు పెట్టి రాసినవాడు 26 కిలోల బస్తా రకం. "ఇతరములు" అని ఒక్క వరుసలో పెద్ద మొత్తం తోసేసినవాడి దగ్గర నేనైతే ఆగుతాను. లాభనష్టాల ఖాతాలో చూపిన పన్నుకూ, క్యాష్ ఫ్లోలో (డబ్బు రాకపోకల పట్టికలో) నిజంగా కట్టిన పన్నుకూ ఏటేటా తేడా పెరుగుతుంటే రాసిపెట్టుకో.

తర్వాత ఆడిటరు రిపోర్టు వెనక జతచేసే కారో (CARO) పేజీలు, ఆడిటరు తప్పక జవాబివ్వాలని ప్రభుత్వం పెట్టిన ప్రశ్నలవి. ఏ పన్ను వివాదం ఎంత మొత్తానికి, ఏ కోర్టులో ఉందో అక్కడ ఉంటుంది. పుస్తకాల్లో రాయని లావాదేవీలను పన్ను విచారణలో ఆదాయంగా ఒప్పుకున్నారా అన్నది కూడా ఇప్పుడు ఆడిటరు చెప్పాలి. మా జీరో దందాకు పెద్ద కంపెనీల భాషలో పెట్టిన ప్రశ్న అది! ఏఓసీ-1 అనే ఫారంలో అనుబంధ కంపెనీల పట్టిక ఉంటుంది, ఒక్కోదాని అమ్మకాలు, లాభం, పన్ను విడివిడిగా. అమ్మకాలు లేకుండా లాభం మాత్రమే ఉన్న కంపెనీ కనబడితే, అది ఎవరితో వ్యాపారం చేస్తుందో సంబంధిత పార్టీల (కంపెనీ సొంత మనుషులు, వాళ్ల సంస్థల) నోటులో వెతుకు.

ఇట్లా చూసి, వివరం బాగా చెప్పినవాళ్లను ఒక జట్టుగా, దాటేసినవాళ్లను ఇంకో జట్టుగా విడదీసి, అప్పుడు నీ రిగ్రెషన్, అదే పన్నుకూ విలువకూ సంబంధం తేల్చే లెక్క, మళ్లీ నడుపు. తేడా వస్తుందనే నా అంచనా. రాకపోయినా రాలేదనే రాయి. మీ సారుకు నచ్చాలని అంకెలు సర్దకు.

అమ్మ చింతకాయ తొక్కు బస్సుకు వేసి పంపిస్తానంటోంది, డబ్బా మూత గట్టిదేనని చెప్పమంది. నువ్వు ఎంచుకున్న కంపెనీల్లో మొదటి రెండింటి కారో పేజీలు వాట్సాప్ చెయ్. స్క్రీన్‌షాట్ వద్దు, అక్షరాలు కనబడటం లేదు, పీడీఎఫే పంపు. ఆదివారం మీ అమ్మ టీవీ ముందు కూర్చున్నాక ఫోన్లో మాట్లాడదాం.

మీ నాన్న