రిబ్బను కత్తిరింపేనా వైజ్ఞానిక ప్రదర్శన?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసిన వైజ్ఞానిక ప్రదర్శన ఫోటో గురించి ఈ ఉత్తరం. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను, చల్లారలేదు. ఫోటోలో తొమ్మిది మంది పెద్దలు, ఒక రిబ్బను, ఒక కత్తెర ఉన్నాయి. పిల్లలు లేరు. మూలన ఎవరిదో జడ మాత్రం కనిపించింది.

ఆ రోజు నేనూ వెళ్ళాను. పది గంటలకు అన్న ప్రారంభానికి అతిథులు పన్నెండున్నరకు దయచేశారు. అంతవరకూ పిల్లలు బల్లల వెనక నిలబడే ఉన్నారు. అగ్నిపర్వతాలు నాలుగు, థర్మోకోల్ చంద్రయాన్‌లు ఆరు లెక్కపెట్టాను. ‘ఇది ఎలా పనిచేస్తుంది నాన్నా?’ అని ఒక అబ్బాయిని అడిగితే గడగడా అప్పజెప్పాడు. మధ్యలో ఆపి ప్రశ్న వేస్తే మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. వాడిదేం తప్పు? నమూనా బజారులో కొన్నదేనని అట్ట అడుగున ఊడని ధర చీటీ చెబుతూనే ఉంది. బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన విద్యార్థికి కేంద్రం 10,000 రూపాయలు ఇచ్చేది ఇలాంటి కొనుగోళ్ళకు కాదనుకుంటాను.

చివరి బల్ల దగ్గర ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళ దగ్గర ఒక రాగి గొట్టం, ఒక ఇనుప బిళ్ళ, ఒక బలమైన అయస్కాంతపు బిళ్ళ, అంతే. నిలువుగా పట్టిన గొట్టంలో ఇనుప బిళ్ళ టక్కున పడింది. అయస్కాంతం మాత్రం పల్లకి దిగే పెళ్ళికూతురిలా తీరిగ్గా దిగింది. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా, మరెందుకు నెమ్మదించింది? కదిలే అయస్కాంతం గొట్టంలో విద్యుత్తు పుట్టిస్తుందని, ఆ విద్యుత్తే దాన్ని అడ్డుకుంటుందని వాళ్ళలో ఒక పిల్ల చెప్పింది. అల్యూమినియం గొట్టంలో ఇంకాస్త త్వరగా పడిందట. ‘కానీ రెండు గొట్టాల మందం ఒకటి కాదు సార్, పోల్చకూడదు’ అని తనే అంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నాకు కడుపు నిండింది. న్యాయనిర్ణేతలకు అక్కడ రంగుకాగితాలు కనిపించలేదేమో, ఆగలేదు. మొదటి బహుమతి దీపాలు వెలిగే స్మార్ట్ సిటీకి దక్కింది.

బడి సంగతి ఇలా ఉందని మనవళ్ళను ఒక విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళాను. ‘మీట నొక్కి చూడండి’ అన్న చోటల్లా ‘మరమ్మతులో ఉంది’ అన్న మరో బోర్డు. తిరిగే సైకిలు చక్రం పట్టుకుని కూర్చుని, చక్రాన్ని వంచితే మనిషి కూడా తిరిగే పీట ఉంటుంది చూడండి, దాన్ని తాడుతో కట్టేశారు. చేసి చూపించే ఉద్యోగి పదవీ విరమణ చేశాక ఆ ఖాళీ నింపలేదట. టిక్కెట్లు చింపే కుర్చీ మాత్రం ఖాళీగా లేదు.

ఇది డబ్బుల్లేక వచ్చిన దుస్థితి అంటే నమ్మను. కలకత్తా బిర్లా మ్యూజియం 1965లోనే ప్రదర్శనలను బస్సులో ఊళ్ళకు పంపింది. మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్‌లో 1972 నుంచి పల్లె బడుల పిల్లలు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులతో సైన్సు నేర్చుకున్నారు. ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వమే మూయించింది. చేతితో పనిచేసే పిల్లలంటే మన ఏలికలకు ఎందుకో అంత కంగారు!

మీకు ఒక్క మనవి. వచ్చే ఏడాది మీ ఫోటోగ్రాఫరును మధ్యాహ్నం మూడు గంటలకు పంపండి. అప్పటికి పెద్దలు భోజనాలకు వెళ్ళిపోతారు. పిల్లలు ఒకరి బల్ల దగ్గరకు ఒకరు వచ్చి, అన్నీ తాకి చూస్తుంటారు.

- ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు