విద్యార్థుల సర్వే నివేదిక ఊరికీ ఇవ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

డిగ్రీ మొదటి ఏడాది పూర్తయ్యాక విద్యార్థులు చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి ఈ లేఖ. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి ఇది తప్పనిసరి. 180 గంటలు ఏదో ఒక గ్రామంలోనో బస్తీలోనో పనిచేయాలి. రోజూ ఏం చేశామో లాగ్ బుక్‌లో రాయాలి. చివర్లో నివేదిక ఇవ్వాలి. దీనికి 4 క్రెడిట్లు. పథకం అనవసరమని నేననను, నిజానికి నా చదువులో నాకు బాగా పనికొచ్చిన భాగం ఇదే. నా ఫిర్యాదల్లా ఒక్కటే. మేం రాసే నివేదిక కాలేజీకి చేరుతుంది. ఎవరి గురించి రాశామో ఆ ఊరికి మాత్రం చేరదు.

మా బృందం వెళ్లింది ఏజెన్సీలో కొండల మధ్యనున్న ఒక గూడేనికి. బస్సు దిగాక చాలాదూరం నడవాలి, దారిలో వాగు దాటాలి. మా చేతిలో ఇంటింటి సర్వే ఫారం ఉంది. ఇంట్లో ఎంతమంది, ఎవరేం చదివారు, మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, బ్యాంకు ఖాతా ఉందా, ఇంటర్నెట్ వాడతారా. ఫోన్లోనే నింపేద్దామనుకుని ఆన్‌లైన్ ఫారం తయారుచేసుకుని వెళ్లాం. తీరా చూస్తే సిగ్నల్ కోసం గట్టెక్కాలి, ఎక్కినా ఒక్క గీతే. ఇంటర్నెట్ వాడతారా అన్న ప్రశ్నకు జవాబు మాకు అక్కడే దొరికింది. కాగితాలు, పెన్నులు తీసుకుని ఇళ్లకు బయల్దేరాం.

ఒక ఇంట్లో పెద్దాయన మేం ప్రశ్నలు మొదలుపెట్టకముందే జవాబులు వరసగా చెప్పేశాడు. ఫారంలో ఉన్న వరసలోనే! ‘‘పోయినేడు వచ్చిన పిల్లలూ ఇవే అడిగారు తల్లీ. రాసుకుని పోయారు. ఆ కాగితాలు ఏమైనట్టు?’’ అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, తెలుసుకుందామనే అడిగాడు. మా లెక్చరర్ గట్టెక్కి కాలేజీకి ఫోన్ చేశారు. మార్కులు వేశాక నివేదికలన్నీ కట్టలు కట్టి బీరువాలో పెట్టారట, ఇప్పుడు వెతకడం కష్టమట. అంటే పాత బ్యాచ్ ఏం కనిపెట్టిందో మాకు తెలియదు, మేం ఏం కనిపెట్టామో వచ్చే బ్యాచ్‌కు తెలియదు. ఊరివాళ్లు మాత్రం ఏటా చేస్తున్న పని ఆపి, అరుగు మీద కూర్చుని, అవే జవాబులు మళ్లీ చెప్పాలి.

పైగా ఊళ్లోకి వచ్చే విద్యార్థులం మేమొక్కళ్లమే కాదు. జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్, 1969 సెప్టెంబరు 24న గాంధీ శతజయంతి సంవత్సరంలో మొదలైంది. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40,000 మంది వాలంటీర్లు. ఇప్పటికీ రెండేళ్లలో 240 గంటల సేవ, ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. 2014లో వచ్చిన కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద కాలేజీలు గ్రామాలను దత్తత తీసుకుని మరో సర్వే చేస్తాయి. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఒకే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లే పద్ధతన్నా ఉంది. మా ప్రాజెక్టులో ఒకే ఊరికి వెళ్లినా పాత పనిని కొనసాగించడం నాకు కనిపించలేదు.

మేం తెలుసుకున్న విషయాలు అంత గొప్పవా అని ఎవరైనా అడగొచ్చు. ఒక్కటి చెబుతాను. ఒక ఇంట్లో ఆధార్ గురించి అడిగితే ఆ తల్లి దూలానికి వేలాడదీసిన ప్లాస్టిక్ కవరు దించింది. అందులో రేషన్ కార్డు, భర్త ఆధార్, అంచులు నలిగిపోయిన తల్లీబిడ్డల కార్డు ఉన్నాయి. ఆ కార్డులో టీకాల తేదీలన్నీ ఊరికి వచ్చే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం చేతిరాతలో చక్కగా ఉన్నాయి. పుట్టిన తేదీ కూడా ఉంది. జనన ధ్రువపత్రం మాత్రం లేదు, ఎందుకంటే బిడ్డ ఇంట్లోనే పుట్టాడు, ఎవరూ నమోదు చేయించలేదు. ‘‘సూదులన్నీ వేయించాను కదమ్మా, ఇంకా ఏం కాగితం?’’ అంది. ఆమె అడిగిందీ సబబే.

కానీ చట్టం మారింది. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా, ఓటు హక్కుకు నమోదవ్వాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా పుట్టిన తేదీకి, చోటుకు రుజువు జనన ధ్రువపత్రమే. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. కొండ మీది మనిషికి అదెంత దూరమో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి పిల్లలు ఆ గూడెంలో ఇంకా ఉన్నారు. మా ఫారంలో టీవీకి గడి ఉంది, ఫ్రిజ్‌కు గడి ఉంది, జనన ధ్రువపత్రానికి లేదు. మార్జిన్‌లో రాసుకున్నాం.

ఆ వివరాలు గ్రామ సచివాలయంలో ఇద్దామని వెళ్తే అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. ‘‘మా దగ్గర డేటా అంతా ఉందమ్మా’’ అన్నారు. ఉన్న మాట నిజమే. అయితే అదంతా పథకాల వారీగా ఉంది, పింఛనుదారులొక చోట, రేషన్ కార్డులొక చోట. ఏ పథకంలోనూ లేని బిడ్డ ఏ జాబితాలోనూ లేడు. ఇంకో సంగతి, లెక్కలన్నీ పంచాయతీ మొత్తానికి కలిపి ఉంటాయి. కొండ ప్రాంతంలో ఒక పంచాయతీ అంటే అక్కడొకటి ఇక్కడొకటి విసిరేసినట్టున్న చాలా గూడేలు. కాగితం మీద పంచాయతీలో బడి ఉంది, అంగన్వాడీ ఉంది, తాగునీటి పథకం ఉంది. కానీ ఆ బడి వాగుకు అవతల ఉంది, వాగు పొంగితే ఇవతలి పిల్లలకు బడి లేనట్టే. బోరింగు ఉంది, దానికి హ్యాండిల్ లేదు. ఇలాంటివి గూడెంలో ఇల్లిల్లూ తిరిగినవాళ్లకే తెలుస్తాయి. ఏటా తిరుగుతున్నది మేమే. జీతం అడగకుండా, కోడి కూయగానే లేచి.

ఈ నివేదికలు వెళ్లాల్సిన చోటు ఇప్పటికే ఉంది కూడా. ప్రతి పంచాయతీ ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. అందుకోసం 2018లో అక్టోబరు 2 నుంచి డిసెంబరు నెలాఖరు దాకా దేశమంతా ప్రజా ప్రణాళిక ప్రచారం మొదలుపెట్టారు, ఆ తర్వాతా ఏటా జరుపుతున్నారు. మా ప్రాజెక్టు వేసవిలో అయిపోతుంది. అంటే ప్రణాళికకు కూర్చునే సమయానికి గూడెం లెక్కలు సిద్ధంగా ఉంటాయి, సర్పంచ్ టేబుల్ మీద తప్ప! గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 నాటి పెసా చట్టమైతే ఒక గూడేన్ని కూడా గ్రామంగానే చూడొచ్చంటుంది, అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం కావాలంటుంది. మా నివేదికను చదివించడానికి అంతకన్నా సరైన సభ ఏముంటుంది?

నివేదిక ఊరికిస్తే గోప్యత మాటేమిటని ఒక అధ్యాపకులు అడిగారు. ఆలోచించాల్సిన విషయమే. ఎవరికి అప్పుంది, ఎవరింట్లో ఏ జబ్బుంది అన్నది నలుగురిలో చదవకూడదు. పేర్లు తీసేసి మొత్తాలు చెబితే సరిపోతుంది. వ్యక్తిగత సాయం కావాల్సిన కేసులను, వాళ్లు ఒప్పుకుంటేనే, సంబంధిత ఉద్యోగికి విడిగా ఇవ్వొచ్చు. ఇంకొందరు ‘‘పిల్లలు రాసిందానికి విలువేముంది’’ అంటున్నారు. విలువ లేకపోతే దానికి మార్కులు ఎందుకు వేస్తున్నట్టో నాకర్థం కాదు. ఊరు చూడకుండా ఇంట్లో కూర్చుని లాగ్ బుక్ నింపేవాళ్లు, సీనియర్ల నివేదికలో ఊరి పేరు మార్చి ఇచ్చేవాళ్లు లేకపోలేదు, ఆ సంగతి విద్యార్థులందరికీ తెలుసు. అయితే రాసింది ఆ ఊళ్లోనే పైకి చదువుతారని తెలిస్తే బోరింగు గురించి అబద్ధం రాసే ధైర్యం ఎవరికుంటుంది? మౌఖిక పరీక్షలో (వైవాలో) ఎగ్జామినర్‌ను ఏమార్చవచ్చు. ఆ బోరింగు దగ్గర బిందె పెట్టుకుని నిలబడే మనిషిని ఏమార్చలేం.

ఇప్పుడు నివేదికకు కావాల్సినవాటిలో జియో ట్యాగ్ ఫొటోలున్నాయి, బ్యానర్ పట్టుకుని తీసుకున్న గ్రూప్ ఫొటో ఉంది. చీపుర్లు పట్టుకుని మేమూ దిగాం. ఆ బ్యానర్ మీద పెట్టిన శ్రద్ధలో సగం దీని మీద పెట్టినా చాలు.

ఉన్నత విద్యామండలిని, విశ్వవిద్యాలయాలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. నివేదిక సారాంశాన్ని నాలుగైదు పేజీల్లో సులువైన తెలుగులో రాసి పంచాయతీకి ఇవ్వాలి. పంచాయతీ కార్యదర్శి అందినట్టు సంతకం చేసి ఇచ్చిన రసీదు జతచేస్తేనే మార్కులు వేయాలి. ఆ సారాంశాన్ని ప్రణాళికకు ముందు జరిగే గ్రామసభలో విద్యార్థులే చదవాలి, ఆ ఒక్క రోజును 180 గంటల్లో లెక్కించాలి. అదే ఊరికి వెళ్లే తర్వాతి బ్యాచ్ మళ్లీ మొదటి ప్రశ్న నుంచి కాకుండా, పాత నివేదికలో రాసిన సమస్యల్లో ఏది తీరింది, ఏది తీరలేదు అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ధ్రువపత్రాల దరఖాస్తులు రాసిపెట్టడం, వాటి వెంట తిరగడం కూడా సేవా గంటల కిందకు వస్తాయని మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పాలి. ఇప్పుడు అలా చెప్పకపోవడంతో కొందరు మెంటర్లు ఒప్పుకుంటున్నారు, కొందరు ‘అది ప్రాజెక్టు కాదు’ అంటున్నారు.

మా బృందం రాసిన సారాంశం ప్రతిని సచివాలయంలో ఇచ్చి రసీదు అడిగాం. అలాంటి పద్ధతేదీ లేదన్నారు, కాగితాలు మాత్రం తీసుకున్నారు. వచ్చే వేసవి బ్యాచ్‌కు మార్గదర్శకాలు వెళ్లేలోపు ఆ పద్ధతేదో పెట్టాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని