వరండాలో నిలబడ్డా సరే, గుడికి వెళ్ళు

అరండల్‌పేట, గుంటూరు.

చిన్నీ,

ప్రభువు నామంలో అమ్మ దీవెనలు. మొన్న ఫోన్లో నువ్వన్నావే, "గుడికి పోయి ఏం లాభమమ్మా, పాప ఏడుపుతో వరండాలో నిలబడటమే సరిపోయింది. వాక్యం ఒక్క ముక్క చెవిన పడలేదు. దానికన్నా ఇంట్లో లైవ్ పెట్టుకోవడం నయం" అని. అప్పుడే జవాబు చెప్పేదాన్ని, కానీ నువ్వు "ఊఁ" అంటూనే కుక్కర్ దగ్గరికి పోతావు. అందుకే రాస్తున్నాను.

ప్రసంగం ఒక్కటే కావాలంటే నీ లెక్క సరైనదే, ఫోన్లో ఇంకా బాగా వినపడుతుంది. కానీ మన ఆరాధనలో ప్రసంగం ఒక భాగమేగా! పాపాలు ఒప్పుకున్నాక అయ్యగారు క్షమాపణ ప్రకటిస్తారు. చివర చేతులెత్తి ఆశీర్వదిస్తారు. వరండాలో ఉన్నవాళ్ళకి అవి చెందవని ఎవరన్నారు? ఇక ప్రభువు బల్ల సంగతి, అదే ప్రభురాత్రి భోజనం. రొట్టె, ద్రాక్షారసం ఫోన్లో రావు. కరోనాలో గుళ్ళు మూశారు గనక లైవ్ చూశాం, ఇప్పుడేమొచ్చింది?

మన గుంటూరు క్రైస్తవుల సంగతి ఎవరు చెప్పినా 1842లో లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారు రావడం దగ్గర మొదలుపెడతారు. చెప్పాల్సిందే. మన ఇంటి మట్టుకు నాకు గుర్తొచ్చేది మాత్రం మిరపకాయల రాశి. మీ అమ్మమ్మ కాయల రోజుల్లో తొడిమలు తీసే కూలికి పోయేది. ముక్కుకు అడ్డంగా కొంగు కట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే, ఆ కొంగు చాటునే పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకునేది. మధ్యలో దగ్గొచ్చి చరణం తెగితే పక్కనున్నామె అందుకునేది. ఆమెకీ దగ్గొస్తే ఇంకొకామె. చేతులు కడుక్కుని నూనె రాసుకున్నా మంట పోయేది కాదు, రాత్రి మమ్మల్ని ముట్టుకోవడానికి భయపడేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఆ పాటలన్నీ ఆదివారం ఆదివారం గుళ్ళో విన్నవే, అదీ ఒళ్ళో నేనో మీ మామయ్యో రాగం తీస్తుంటే. సగం చెవితో విన్నదే రాశి దగ్గర కూర్చుంటే నోటికొచ్చేది.

ఇంట్లో ప్రార్థన కుదరడం లేదని కూడా బాధపడుతున్నావు. కన్ఫర్మేషన్ క్లాసులో నువ్వు బట్టీ పట్టిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం గుర్తుందా, మన లూథరన్ సంఘాలకు ఆ పేరు రావడానికి కారణమైన మార్టిన్ లూథరు గారిది? 1529లో ఆయన దాన్ని రాసిందే ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్ళకి నేర్పుకోవడానికి కూడా. పొద్దున లేచి విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన చెప్పి, కావాలంటే ఒక చిన్న ప్రార్థన చేసుకుని, సంతోషంగా పనిలోకి పొమ్మన్నాడు. రాత్రీ అంతే, ముగించి వెంటనే నిద్రపొమ్మన్నాడు. ఆయనకీ ఆరుగురు పిల్లలు పుట్టారు, ఆ గోల తెలియనివాడేం కాదు. కాబట్టి రోజుకో అధ్యాయం చదవలేకపోయానని కుమిలిపోకు. పెద్దాడికి బూట్లు తొడిగేటప్పుడు పరలోక ప్రార్థన వాడితో కలిసి పైకి చెప్పు. సగం మాటలు మింగేస్తాడు, మింగనీ. పొద్దున్నే గ్రూపులో వాక్యం ఫోటో పెట్టి ప్రార్థన అయిపోయిందనుకునే మీ పెద్దమ్మలా మాత్రం చెయ్యకు. (ఈ మాట దానికి చెప్పకు.)

ఈ ఉత్తరం అల్లుడుగారికి కూడా చూపించు. షిఫ్టు లేని ఆదివారాల్లో ప్రసంగం సగం అయ్యేదాకా పాప ఆయన చంకనే ఉండాలి, వరండా నీ ఒక్కదానికే రాసిపెట్టలేదు. బట్టలు, పాలసీసా శనివారం రాత్రే సర్దిపెట్టుకో. వచ్చే బల్ల ఆదివారం నేను పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వస్తాను. వెనక వరసలో కూర్చుని పాపను పట్టుకుంటా, నువ్వు బల్ల దగ్గరికి వెళ్ళు. పెద్దాడికి కానుక వెయ్యడానికి చిల్లర తీసి ఉంచు. పోయినసారి నోటు వద్దు, చప్పుడయ్యేదే కావాలని గుడంతా వినపడేలా మారాం చేశాడు.

అమ్మ