బడి తోట జమాఖర్చులు: ట్యాంకు దిమ్మె గురించి వివరణ

తోటకు చందాలిచ్చిన తల్లిదండ్రులకు, టీచర్లకు, పూర్వ విద్యార్థులకు నమస్కారం.

జమ కింద మీ చందాలు, పిల్లలు పాత కాగితాలు అమ్మి తెచ్చిన డబ్బు, అంతే. ప్రతిదానికీ రసీదు ఉంది. ఖర్చులో పారలు, విత్తనాలు, గొట్టాలకు బిల్లులున్నాయి. ఎరువు కొనలేదు. ఎండుటాకులు, తడి చెత్త పొరలు పొరలుగా వేసి పిల్లలే కంపోస్టు చేశారు.

అందరూ అడుగుతున్నది వాన నీటి ట్యాంకు కింద కట్టిన సిమెంటు దిమ్మె గురించే. "మొక్కలకని ఇస్తే సిమెంటులో పోశారు" అన్న మాట మా దాకా వచ్చింది, బాధ కలిగింది. నిజమే, అంచనాలో దిమ్మె లేదు. వాన నీటి ట్యాంకును నేల చదును చేసి పెడితే చాలనుకున్నాం. అది మా పొరపాటే. 2,000 లీటర్ల నీళ్లంటే 2 టన్నుల బరువు. అక్కడిది ఎప్పుడో తవ్వి పూడ్చిన నేల. మొదటి పెద్ద వానకే ట్యాంకు ఒక పక్కకి ఒరిగి, గొట్టం అతుకు దగ్గర విడిపోయింది. పొద్దున్నే నీళ్లు పోయడానికొచ్చిన 8వ తరగతి అమ్మాయి ట్యాంకు కింద తన అరచేయి దూరేంత సందు చూపించింది. పిల్లలు తిరిగే చోటు కదా, ఇంక ఆలోచించలేదు. ట్యాంకు దింపించి, దిమ్మె కట్టించి, అది గట్టిపడే దాకా ఆగి మళ్లీ ఎక్కించాం. కూలి రెండుసార్లు పడింది అందుకే. నాట్లు ఆలస్యమైందీ అందుకే.

అసలు ట్యాంకే ఎందుకని ఇంకో ప్రశ్న. 100 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే లెక్క ప్రకారం 2,000 లీటర్లు. కొంత వృథా పోయినా, తాగే నీటి కుళాయి ముట్టకుండా తోట తడుస్తుంది. కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్ట ట్యాంకులోకి రాకుండా తొలి వాన నీళ్లు బయటికి పోయేలా పక్క గొట్టం పెట్టాం. మూతికి దోమల జాలి కూడా బిగించాం, దానికి పైసా ఖర్చు కాలేదు. ఒక తండ్రి తానే తెచ్చి కట్టారు, ఆయనకు ప్రత్యేక ధన్యవాదాలు.

దిమ్మె ఖర్చుతో, మొక్కల కింద పరిచి చుక్క చుక్కగా నీళ్లు వదిలే గొట్టం కొనడం ఆగిపోయింది. మాటిచ్చిన చందాలు కొన్ని ఇంకా రాలేదు. పేర్లు రాయం. ఆ గొట్టం లేక పిల్లలు రోజూ బకెట్లు మోస్తున్నారని మాత్రం చెప్పాలి. వీలు చూసుకుని ఈ నెలలో ఇవ్వండి.

రిజిస్టరు, బిల్లులు ఆఫీసు గదిలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు.

తోట కమిటీ