కత్తికి లెవెల్ తాళం ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ యువ పేజీలో ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల మీద వచ్చిన వ్యాసం చదివాను. వీడియో గేములంటే పిల్లలు చెడిపోతున్నారన్న గోల తప్ప మరొకటి కనపడని రోజుల్లో, ఆటను ఆటగా చూసి రాసినందుకు ముందు థ్యాంక్స్. కానీ అందులో ఒక మాట నాకు మింగుడుపడలేదు. ఆయుధాలకూ కవచాలకూ లెవెల్ నిబంధన లేకపోతే ఆటకు క్రమశిక్షణే ఉండదని రాశారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇనుము చెక్కే లేత్ మిషను మీద పనిచేస్తాను. పగలంతా టర్నింగు, రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు ఆట. ఒక్కరమే కూర్చుని ఆడుకునే ఆటలో కత్తి మీద లెవెల్ అంకె గుద్దడమంత బద్ధకపు పని ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఆడే అలవాటు లేనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఈ ఆటల్లో రాక్షసుల్ని చంపినా, ఊళ్లో ఎవరికైనా పని చేసిపెట్టినా అనుభవం పాయింట్లు వస్తాయి. అవి ఒక లెక్కకు చేరితే లెవెల్ పెరుగుతుంది. దొరికిన కత్తి మీద 11 అని ఉంటే, మీరు పదో లెవెల్లో ఉన్నంతసేపూ అది సంచిలో బరువే. చేతికి రాదు.

2015లో వచ్చిన విచర్ 3నే తీసుకుందాం. కథలో, మాటల్లో నాకు దాన్ని మించిన ఆట లేదు, అందుకే కోపం కూడా దాని మీదే ఎక్కువ. హీరో గెరాల్ట్ తెల్లజుట్టు వేటగాడు. చిన్నప్పటి నుంచి కత్తిసాములో ఆరితేరినవాడు. వీపు మీద రెండు కత్తులు, మనుషులకు ఉక్కుది, రాక్షసులకు వెండిది. మనం వెలెన్ అనే బురద నేలలో పాడుబడ్డ కట్టడాలు గాలించి గ్రిఫిన్ కత్తి నమూనా కాగితం సంపాదిస్తాం. కావాల్సిన సామాన్లు పోగేస్తాం. కమ్మరికి డబ్బు కట్టి కొట్టిస్తాం. తీరా కత్తి చేతికొచ్చాక కింద ఎర్రరంగులో 11. తొమ్మిదో లెవెల్లో ఉన్న గెరాల్ట్ దాన్ని పట్టుకోలేడట! బరువా అంటే కాదు, శాపమా అంటే అదీ కాదు. దాదాపు అంతే పొడవున్న ఇంకో వెండి కత్తిని ఆ క్షణంలోనే గిరగిరా తిప్పుతున్నాడు. ఇంకో రెండు ప్రాణుల్ని చంపి, ఎవరిదో తప్పిపోయిన మేకను తెచ్చిచ్చి రెండు లెవెళ్లు పెరిగాడనుకోండి, అదే కత్తి ఠక్కున ఒరలో కూర్చుంటుంది. ఫెలైన్ అనే కత్తీ కవచాల సెట్‌కి 17, అర్సైన్ అనే ఇంకో సెట్‌కి 20. మళ్లీ అదే తంతు.

పనివాణ్ని కాబట్టి నాకు బాగా నచ్చిన ఘట్టం కూడా ఆ ఆటలోనే ఉంది. నోవిగ్రాడ్ నగరంలో హత్తోరి అని ఒక ఎల్ఫ్ కమ్మరి ఉంటాడు. చేయి తిరిగినవాడు. ఇంకో కమ్మరీ ముఠావాళ్లూ కలిసి అడ్డుపడటంతో కొలిమి ఆర్పేసి కుడుములు అమ్ముకుంటుంటాడు. మనం వెంట నిలబడితే మళ్లీ కొలిమి రాజేసుకుంటాడు. ఒక పనివాడి గురించి ఇంత ఆప్యాయంగా రాసిన రచయితలున్న ఆటలో, ఆ కత్తి ఎవరి చేతికి లొంగుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఒక అంకె. అది చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మా షెడ్డులో కొత్త హెల్పర్ చేరితే మేస్త్రీ వాణ్ని వెంటనే లేత్ మీద నిలబెట్టడు, నిజమే. అయినా వాడు చనువు చేసి చక్‌లో జాబ్, అంటే చెక్కాల్సిన ముక్క, బిగించి మర గాట్లు కోయడం మొదలుపెడితే గాలిలోంచి ఏ గోడా లేచి ఆపదు. టూల్ విరుగుతుంది, జాబ్ పాడవుతుంది, మేస్త్రీ నోటికొచ్చినట్టు తిడతాడు. పట్టుకోవచ్చు కానీ పని సరిగా రాదు. ఆటలో ఆయుధం కూడా అలాగే ప్రవర్తించాలని నేనడిగేది.

అలా చేసిన ఆటలు ఉన్నాయి. 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో ఆయుధం మీద లెవెల్ ఉండదు, బలం ఇంత, నేర్పు ఇంత కావాలని ఉంటుంది. గ్రేట్‌స్వర్డ్ అనే మనిషంత కత్తికి బలం 31, నేర్పు 12 ఉండాలి. అది కేలిడ్ అనే ఎర్రటి ఆకాశం ఉన్న భయంకర ప్రాంతంలో, ఒక బండి వెనక పెట్టెలో ఉంటుంది. గుండె దిటవు చేసుకుంటే ఆట మొదట్లోనే గుర్రం మీద దౌడు తీసి తెచ్చుకోవచ్చు. వాగబాండ్ అనే పాత్రతో మొదలుపెట్టినవాడికి బలం 14. ఆ కత్తిని ఎత్తుతాడు, కానీ దెబ్బ చీమ కుట్టినట్టే. కత్తిని రెండు చేతులా పడితే బలం ఒకటిన్నర రెట్లుగా లెక్క కాబట్టి 21 ఉంటే చాలు. అంటే లెవెల్‌కి ఒక పాయింటు చొప్పున, పెరిగే లెవెళ్లు ఏడింటిని బలం మీదే పెట్టాలి. అవి ప్రాణం మీద పెట్టాలా, కత్తి కోసం పెట్టాలా? అక్కడ మనిషి ఆలోచిస్తాడు, బేరం వేసుకుంటాడు. లెవెల్ అంకె ఉన్నచోట ఆలోచించడానికేముంది, కూర్చుని ఎదురుచూడటమే. కవచాలకైతే ఆ ఆటలో బలం నిబంధన కూడా లేదు, బరువు ఉంది. మోయగలిగినదాంట్లో 70 శాతం దాటితే మనవాడు బస్తాలా దొర్లుతాడు. వేసుకోవద్దని ఎవరూ అనరు.

మన జనక మహారాజు కూడా శివధనుస్సు పక్కన 'ఇంత స్థాయివారికే ప్రవేశం' అని బోర్డు కట్టలేదు. వచ్చిన ప్రతి రాజునూ పట్టి చూడమన్నాడు. కదిలించలేక తిరిగిపోయారు.

లెవెల్ వైపు వాదించేవాళ్ల దగ్గర బలమైన మాటలు రెండున్నాయి, దాటేయడం న్యాయం కాదు. మొదటిది ఉంగరం. 1996 చివర్లో వచ్చిన మొదటి డయాబ్లోలో వస్తువులకు బలం, నేర్పు, మంత్రశక్తి లాంటి నిబంధనలే ఉండేవి. 2000లో వచ్చిన డయాబ్లో 2లో లెవెల్ కూడా చేరింది. అందులో స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే పేరుమోసిన ఉంగరానికి 29వ లెవెల్ కావాలి. ఉంగరం తొడుక్కోవడానికి ఎంత బలం కావాలని రాస్తారు, వేలికి కండలుంటాయా? నిజమే. అయినా ఎల్డెన్ రింగ్ తాయెత్తులకు ఏ నిబంధనా లేదు, కొన్ని గూళ్లు మాత్రమే ఉంటాయి. ఏది పెట్టుకోవాలో, ఏది తీసేయాలో మన ఇష్టం. ఆట దానివల్ల కూలిపోలేదు.

రెండోది, మొదట్లోనే పెద్ద ఆయుధం దొరికితే మిగతా దారంతా చప్పగా ఉంటుందన్నది. 2011 నాటి డార్క్ సోల్స్‌లో వంతెన మీద కూర్చున్న డ్రాగన్ తోకకు కింద నుంచి బాణాలు వేస్తూ పోతే తోక తెగి డ్రేక్ స్వర్డ్ దొరుకుతుంది. కొత్తవాడికి అది పెద్ద వరం, కొన్నాళ్లు ఎదురుండదు. అయితే మన బలం పెరిగినా దాని దెబ్బ పెరగదు, సగం ఆటకు వచ్చేసరికి మామూలు కత్తిని సానబెట్టుకున్నవాడే ముందుంటాడు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లోనూ అంతే. మొట్టమొదటి ఓడలోనే ఝాల్క్ అనే సేనాని చేతిలో మండే కత్తి ఉంటుంది. 'పడెయ్' అని ఆజ్ఞాపించే మంత్రం వేసి కత్తి కింద పడగానే ఎత్తుకుపోయేవాళ్లు బోలెడుమంది. ఒకటో లెవెల్లోనే అంత కత్తి! అది దొంగతనం కాదు, తెలివికి కూలి. ఆ పక్కన లెవెల్ అంకె ఉండి ఉంటే ఆ మంత్రం వేద్దామన్న ఆలోచనే ఎవడికీ వచ్చేది కాదు.

తాళం తీసేస్తే చాలదన్నది కూడా ఒప్పుకోవాలి. 2006 నాటి ఆబ్లివియన్‌లో కత్తులకు లెవెల్ నిబంధన లేదు, బదులుగా మనతోపాటు లోకమంతా లెవెల్ పెరుగుతుంది. కొన్నాళ్లకు వంద నాణేల కోసం దారికాచే దొంగ కూడా అపురూపమైన గ్లాస్ కవచం వేసుకుని ఎదురవుతాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడు ఇల్లు కట్టుకోవచ్చు కదా అని నవ్వొస్తుంది.

నలుగురూ కలిసి ఆడే ఆటల సంగతి వేరు. అక్కడ పాతకాపు కొత్తవాడి ముందుకు దిగితే కొత్తవాడు ఆట మానేస్తాడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2004 నుంచీ లెవెల్ నిబంధన ఉంది. అయినా కొందరు కావాలని 19వ లెవెల్ దగ్గరే ఆగిపోయి, ఆ లెవెల్‌కి దొరికే అతి ఖరీదైన సామాన్లన్నీ తొడిగి, 10–19 గుంపు ఆడే మైదానంలో కొత్తవాళ్లను ఊచకోత కోసేవారు. ట్వింకులని పేరు. 2009లో కంపెనీ చేసిందేమిటంటే, ఆ మైదానాల్లో కూడా అనుభవం పాయింట్లు ఇచ్చింది. లెవెల్ పెరగకూడదనుకునేవాళ్లు పది బంగారు నాణేలు కట్టి పాయింట్లు ఆపుకునే వీలుంచింది, కానీ అప్పుడు వాళ్లకు వాళ్లతోనే పోటీ పెట్టింది. ఎల్డెన్ రింగ్‌లోనూ ఆటగాడి లెవెల్‌తోపాటు ఆయుధాన్ని ఎంతవరకు సానబెట్టారో కూడా చూసి ఎవరిని ఎవరితో కలపాలో నిర్ణయిస్తారు. ఎవరితో ఎవరు తలపడాలన్న దగ్గర పెట్టండి ఆ తాళం, కాదనను. కత్తి పిడికి పెట్టకండి.

హైదరాబాద్ స్టూడియోల్లో మన కుర్రాళ్లు ఆటల పని చేస్తున్నారు, రేపు సొంత ఆటలూ చేస్తారు. మీ వ్యాసం చదివి లెవెల్ నిబంధన తప్పనిసరి అని వాళ్లు అనుకోకూడదనే ఇంత రాశాను. మీకో చిన్న మనవి. ఇకనుంచి ఆటల సమీక్షల్లో గ్రాఫిక్స్‌కి ఎన్ని నక్షత్రాలో చెప్పే దగ్గరే, ఆయుధాలు లెవెల్ అడుగుతాయా, బలం అడుగుతాయా, ఏమీ అడగవా అన్నది కూడా ఒక్క లైను వేయండి. డబ్బు పెట్టి కొనేముందు నాలాంటివాళ్లు వెతుక్కునేది అదే.

— ఒక లేత్ పనివాడు,
ఆటోనగర్, విజయవాడ