ర్యాప్‌లో మాట వినబడనివ్వండి
కొత్తగా వస్తున్న తెలుగు ర్యాప్ పాటల్లో బీటు దద్దరిల్లుతోంది గానీ మాట చెవికి అందడం లేదు. మొదటి తప్పు రాతలోనే ఉంది. నిమిషానికి 90 బీట్ల పాటలో 16 బార్ల (బారుకు నాలుగు బీట్లు) చరణానికి దొరికేది దాదాపు 43 సెకన్లు. అందులో పట్టనంత రాసుకొచ్చి దీర్ఘాలు మింగేస్తున్నారు. ‘కాలం’ కాస్తా ‘కలం’ అవుతోంది, అర్థమే మారిపోతోంది. పైగా ప్రతి పాదం చివరా ‘ఉన్నా’, ‘విన్నా’, ‘కన్నా’! క్రియలన్నీ ఒకేలా ముగిసే భాషలో అదేం ప్రాస? రెండో అక్షరం కలిపే ప్రాస మనకు ఎప్పటినుంచో ఉంది. పొన్నెకల్లు నాజర్ బుర్రకథలో డక్కీల మోత మధ్య కూడా మాట విడివిడిగా పలికేది. ఇక మిక్సింగ్, అంటే గొంతునూ బీటునూ కలిపే పని. ఫోను స్పీకర్లో బాస్ పలకదని దాన్ని డిస్టార్ట్ చేసి, అంటే గరగరలాడేలా చేసి పెంచుతున్నారు. ఆ గరగర పైకి పాకి, హల్లులు స్పష్టంగా వినబడాల్సిన 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాల మీద కూర్చుంటోంది. అక్కడ బీటును 2, 3 డెసిబెల్స్ తగ్గిస్తే మాట పైకి తేలుతుంది. మన బెజవాడ, గుంటూరు కుర్రాళ్లు రికార్డింగుకు ముందు చరణాన్ని ఒట్టి మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లయ కొట్టే పరికరం) మీద చదివి చూసుకోవాలి. దీర్ఘం తెగిన చోటల్లా ఒక మాట తీసేయాలి. పాటతోపాటు సాహిత్యమూ పెట్టాలి.
– ఒక శ్రోత, బ్రాడీపేట, గుంటూరు